పెరిగే బిడ్డ, మారే మోతాదు

(రక్తం పలచబడే మందు వాడుతున్న పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఒక పిల్లల వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడి నుంచి చూస్తుంటే మీలో చాలామంది ఒళ్లో ఒక పుస్తకం కనిపిస్తోంది. ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డ కట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె, రాసుకునే పుస్తకం. కొన్ని కొత్తవి. కొన్నింటికి అట్ట ఊడిపోతే టేపు అంటించుకున్నారు. పదహారేళ్లుగా నా పని ఆ పుస్తకాలు చదవడమే. ఒక్కొక్కటి తిరగేస్తుంటే ఆ ఇంట్లో ఏ నెలలో జ్వరం వచ్చిందో, ఏ వారం ప్రయాణం చేశారో, ఏ రోజు మాత్ర మరిచిపోయి తల్లికి రాత్రంతా నిద్ర పట్టలేదో తెలిసిపోతుంది.

మొదటి పేజీలో పైన లక్ష్యం రాసి ఉంటుంది. ఎక్కువమంది పిల్లలకు అది 2 నుంచి 3 మధ్య. గుండెలోని మైట్రల్ కవాటం స్థానంలో మెకానికల్ వాల్వు, అంటే కృత్రిమ కవాటం, అమర్చిన పిల్లలకు సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య. ఆ లక్ష్యం ఏళ్ల తరబడి కదలకపోవచ్చు. దాన్ని అందుకోవడానికి వేసే మాత్ర మాత్రం బిడ్డ ఎదిగినంత కాలం మారుతూనే ఉంటుంది. మోతాదు పెంచామని చెప్పగానే చాలామంది తల్లుల ముఖం వాడిపోతుంది. 'జబ్బు ముదిరిందా డాక్టరు గారూ?' అని అడుగుతారు. లేదమ్మా, మీ పాప పోయినసారికంటే కిలోన్నర బరువు పెరిగింది, అందుకు సంతోషించండి అంటాను. ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా దాదాపు దీని గురించే.

ముందుగా ఈ మందు పేరు సంగతి తేల్చుకుందాం. 'రక్తం పలచబడే మందు' అని మనమందరం అంటాం, నేనూ అంటాను. కానీ ఈ మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. పలచబడటం అనగానే నీళ్లు కలిపినట్టు, సత్తువ పోయినట్టు అనుకుంటారు. బిడ్డ నీరసించిపోతుందేమోనని బలానికి టానిక్కులు పట్టిస్తారు. నిజానికి ఈ మందు వల్ల రక్తం చిక్కదనం రవ్వంత కూడా తగ్గదు. ఎర్ర కణాలు తగ్గవు, బలం తగ్గదు. గడ్డ కట్టడానికి పట్టే సమయం పెరుగుతుంది, అంతే. ఐఎన్ఆర్ కొలిచేది ఆ ఆలస్యాన్నే. మందు వాడని మనిషికి అది 1 దగ్గర ఉంటుంది.

ఇక వార్ఫరిన్. మీ పిల్లల్లో ఎక్కువమంది వాడేది ఇదే. మొన్నీమధ్య ఒక తండ్రి ఫోనులో ఏదో చదివి, చేతులు వణుకుతుండగా నా గదిలోకి వచ్చారు. 'ఇది ఎలుకల మందట కదా, మా బాబుకి ఎందుకిస్తున్నారు?' అన్నారు. ఆయన చదివింది అబద్ధం కాదు, సగం కథ. 1920లలో ఉత్తర అమెరికాలో పశువులు కారణం తెలియకుండా లోపలి రక్తస్రావంతో చనిపోయేవి. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం తినడమే దానికి మూలమని తేలింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకుంది. ఆ కోవలోనే తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చింది. 1954లో అమెరికాలో మనుషుల వైద్యానికి అనుమతి పొందింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా ఇచ్చారు. అంటే డెబ్బై ఏళ్లుగా వైద్యులు దీన్ని కొలిచి, తూచి వాడుతున్నారు. ఎలుకకైనా మనిషికైనా ఇది చేసే పని ఒకటే. తేడా అంతా కొలతలోనే ఉంది. ఆ కొలత మీ చేతుల్లో ఉన్న పుస్తకంలో ఉంది.

అది చేసే పని కూడా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి. మన కాలేయం గడ్డకట్టించే ప్రోటీన్లను కొన్నింటిని విటమిన్ కె సాయంతో తయారు చేస్తుంది. వాడిన విటమిన్ కెను శరీరం తిరిగి పనికొచ్చేలా మార్చుకుని మళ్లీ మళ్లీ వాడుకుంటుంది. వార్ఫరిన్ అలా మార్చుకునే దారిని మూసేస్తుంది. దాంతో కొత్తగా తయారయ్యే ప్రోటీన్లు పనికిరానివి అవుతాయి. అయితే అప్పటికే రక్తంలో తిరుగుతున్న పాత ప్రోటీన్లు ఉన్నాయి కదా, అవి అరిగిపోవాలి. వాటిలో ఒకటి ఆరేడు గంటల్లో సగానికి తగ్గుతుంది. ఇంకొకటి సగం కావడానికి రెండున్నర రోజుల పైనే పడుతుంది. అందుకే ఈ రోజు మోతాదు మార్చి రేపు పొద్దున పరీక్ష చేయించి 'ఏమీ మారలేదు' అని కంగారు పడకండి. మార్పు కనిపించడానికి రెండు మూడు రోజులు, పూర్తిగా నిలదొక్కుకోవడానికి దాదాపు వారం కావాలి. మొదటిసారి వార్ఫరిన్ మొదలుపెట్టినప్పుడు కొన్నాళ్లపాటు వెంటనే పనిచేసే హెపారిన్ అనే సూదిమందు కూడా కలిపి ఇచ్చేది ఇందుకే. అంకె ముందే పెరిగినా అసలు రక్షణ వెనకాల నెమ్మదిగా వస్తుంది.

ఇప్పుడు పసిపిల్లల దగ్గరికి వద్దాం.

'చిన్న బిడ్డ, చిన్న మోతాదు' అనుకోవడం సహజం. కిలో బరువుకు లెక్క వేస్తే తలకిందులుగా ఉంటుంది. ఏడాదిలోపు పిల్లలకు సగటున కిలోకు 0.33 మిల్లీగ్రాముల వరకు వార్ఫరిన్ కావాల్సి వస్తుంది. పదకొండేళ్లు దాటిన పిల్లలకు కిలోకు 0.09 దగ్గర సరిపోతుంది. అంటే పసిబిడ్డకు కిలోకు మూడు రెట్లకు పైగా ఎక్కువ. ఇవి సగటు లెక్కలు మాత్రమే, దయచేసి ఇంటికెళ్లి వీటితో గుణించకండి. పుట్టుకతో వచ్చిన జన్యువులను బట్టి కూడా ఒకే బరువున్న ఇద్దరు పిల్లలకు మోతాదు ఎంతో తేడాగా ఉంటుంది. పుట్టుకతో గుండె జబ్బు ఉండి ఫాంటాన్ (ఒంటి నుంచి వచ్చే రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తులకు మళ్లించే) శస్త్రచికిత్స జరిగిన పిల్లలకు తక్కువ మోతాదే సరిపోతుంది. పక్కింటి బిడ్డ మోతాదుతో మీ బిడ్డ మోతాదును పోల్చుకోకండి అని పదే పదే చెప్పేది అందుకే.

పసిబిడ్డల్లో పాల సంగతి కూడా ఉంది. డబ్బా పాలలో విటమిన్ కె కలుపుతారు. తల్లి పాలలో అది చాలా తక్కువ. డబ్బా పాలు తాగే బిడ్డకు వార్ఫరిన్ ఎక్కువగా ఇస్తే తప్ప అంకె పైకి లేవదు. తల్లి పాలు తాగే బిడ్డకు కొద్దిగా ఇచ్చినా గబుక్కున పెరుగుతుంది. తల్లి పాలు మాన్పించమని నేను ఎవరికీ చెప్పను. ఒకటి నుంచి ఇంకొకదానికి మారే వారంలో మాత్రం నాకు చెప్పండి. ఘనాహారం మొదలుపెట్టే వారంలో కూడా. ఆ వారాల్లో పరీక్ష ఒకటి అదనంగా పడుతుంది.

ఇన్ని చిక్కులు ఉన్నందువల్లే నెలల పిల్లలకు చాలాసార్లు హెపారిన్ రకం సూదిమందు, ఎనాక్సాపారిన్, ఎంచుకుంటాం. పన్నెండు గంటలకు ఒకసారి చర్మం కిందికి. రెండు నెలల లోపు బిడ్డకు సాధారణంగా కిలోకు 1.5 మిల్లీగ్రాములు, ఆ తర్వాత కిలోకు 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి, సూది వేసిన నాలుగు నుంచి ఆరు గంటల మధ్య రక్తం తీసి యాంటీ టెన్-ఎ అనే పరీక్షతో సరిచూస్తాం. దీనికి ఐఎన్ఆర్ పనికిరాదు. ఇక్కడ నేను చూసే పొరపాటు ఒక్కటే. ఇంటికి పంపేటప్పుడు బిడ్డ బరువు నాలుగు కిలోలు. మూడు నెలల తర్వాత ఆరున్నర కిలోలు. సిరంజిలో గీత మాత్రం అదే గీత. ఎవరి తప్పూ లేదు, రోజూ చూసే బిడ్డ పెరగడం మన కంటికి ఆనదు. అందుకే తూకం.

మాత్రల విషయంలో ఒక దృశ్యం చెప్పాలి. చాలాచోట్ల వార్ఫరిన్ ద్రవరూపంలో దొరకదు. ఒకసారి ఒక తల్లిని, 'మీరు ఇంట్లో ఎలా ఇస్తారో ఇక్కడ చేసి చూపించండి' అని అడిగాను. ఆమె సంచిలోంచి ఒక చిన్న చాకు తీసి మాత్రను నాలుగు ముక్కలు చేశారు. ఒక ముక్క టక్కున ఎగిరి బల్ల కింద పడింది. మిగిలిన మూడింటిలో ఒకటి దాదాపు సగం మాత్ర అంత, ఒకటి బియ్యపు గింజంత. ఆమె ఆ మూడింటినీ చూసి, 'ఏది పావు?' అని నన్నే అడిగారు. ఏడాదిన్నరగా ఆ పాప ఐఎన్ఆర్ ఎందుకు ఎక్కుతూ దిగుతూ ఉందో నాకు ఆ క్షణంలో తెలిసింది. రక్త పరీక్షలు పదిసార్లు చేయించాను కానీ ఈ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు. అప్పటి నుంచి ప్రతి తల్లినీ, తండ్రినీ చేసి చూపించమంటాను. మాత్రలు కోసే చిన్న పెట్టె మందుల దుకాణంలో దొరుకుతుంది. అరవరకు దానితో బాగానే కోయవచ్చు. పావు కావలసి వస్తే తక్కువ మిల్లీగ్రాముల మాత్ర రాయమని అడగండి. లేదంటే వేర్వేరు రోజులకు వేర్వేరు మోతాదు పెట్టి వారం మొత్తాన్ని సరిచేయవచ్చు. పొడి చేసి నీళ్లలో కలిపి సిరంజితో కొంత తీసి ఇవ్వాల్సి వస్తే, ఎంత నీళ్లు, ఎంత తీయాలి అన్నది ఫార్మసిస్టు చేత రాయించుకోండి. మాత్ర ఆ నీళ్లలో పూర్తిగా కరగదు, అడుక్కి దిగుతుంది. కలిపిన వెంటనే, బాగా కదిపి తీయాలి.

మాత్ర రంగు గురించి కూడా చెప్పి తీరాలి. 'గులాబీ మాత్ర ఒకటి' అని పుస్తకంలో రాసుకునేవారు ఉన్నారు. బ్రిటన్‌లో గులాబీ రంగు వార్ఫరిన్ మాత్ర అంటే 5 మిల్లీగ్రాములు. అమెరికాలో గులాబీ అంటే 1 మిల్లీగ్రాము. ఐదు రెట్ల తేడా! ఊరు మారినా, దేశం మారినా, కంపెనీ మారినా రంగు మారిపోవచ్చు. ఎప్పుడూ మిల్లీగ్రాముల్లోనే మాట్లాడండి, మిల్లీగ్రాముల్లోనే రాయండి. కుదిరినంతవరకు ఒకే కంపెనీ మాత్ర వాడండి.

నడక వచ్చినప్పటి నుంచి బడికి వెళ్లేదాకా ఉన్న ఆ మూడు నాలుగేళ్లు మీకు ఎక్కువ అలసట. ఈ వయసులో పడటాలకంటే జ్వరాలకే నేను ఎక్కువ భయపడతాను. జ్వరం వస్తే బిడ్డ తినదు. తినకపోతే విటమిన్ కె రాదు. విరేచనాలైతే ఉన్నదీ ఒంటపట్టదు. దానికి తోడు యాంటీబయాటిక్ మొదలవుతుంది. అన్నీ కలిసి ఐఎన్ఆర్‌ను ఒకే వైపుకు, పైకి తోస్తాయి. యాంటీబయాటిక్‌లలో కో-ట్రైమాక్సజోల్, మెట్రోనిడజోల్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లుకొనజోల్, ఇవి మరీ గట్టిగా తోస్తాయి. దీనికి ఎదురు దిశలో పనిచేసేవీ ఉన్నాయి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ వంటివి ఐఎన్ఆర్‌ను కిందికి లాగేస్తాయి. అవి ఆపిన రెండు మూడు వారాల తర్వాత అంకె మళ్లీ ఎగబాకుతుంది. చాలామంది మరిచిపోయేది ఈ రెండో భాగాన్నే. కొత్త మందు మొదలుపెట్టేటప్పుడు ఫోను చేస్తారు, ఆపేటప్పుడు చేయరు.

జ్వరానికి పారాసెటమాల్ ఇవ్వవచ్చు. అది కూడా రోజుల తరబడి పూర్తి మోతాదులో ఇస్తే ఐఎన్ఆర్‌ను కాస్త పెంచుతుంది, కాబట్టి రాసుకోండి. ఐబుప్రొఫెన్ వద్దు. ఆస్పిరిన్ మీ గుండె వైద్యుడు కావాలని రాస్తే తప్ప వద్దు. కవాసాకి జబ్బు వల్ల గుండె ధమనులు బాగా ఉబ్బిన పిల్లలకు ఆస్పిరిన్, వార్ఫరిన్ రెండూ కలిపి ఇస్తాం. ఆ పిల్లలకు ఆటలమ్మగానీ ఫ్లూగానీ వచ్చినా, వచ్చినవారి పక్కన మెలిగినా అదే రోజు మాకు చెప్పాలి. ఆ జబ్బులతో కలిస్తే ఆస్పిరిన్ కాలేయానికి, మెదడుకు ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు.

అక్కడ ఒక అమ్మ చేయి ఎత్తారు... ఆకుకూరలు పూర్తిగా మానేయాలా అని అడుగుతున్నారు. మానేయవద్దమ్మా. ఎదిగే బిడ్డకు అవి కావాలి. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, నిజమే. కానీ వారానికి మూడుసార్లు తినే బిడ్డకు ఆ తిండికి తగ్గట్టే మేము మోతాదు కుదురుస్తాం. ఇబ్బంది ఎక్కడంటే, నెల రోజులు అసలు పెట్టకుండా ఉండి, ఒక వారం రోజూ పెట్టడంలో. మీరు వండేది మీరు వండండి, ఎప్పుడూ ఒకే తీరుగా. మందు దాని చుట్టూ సర్దుకుంటుంది. బజారులో దొరికే మూలికల పొడులు, రకరకాల విటమిన్ సీసాలు మాత్రం నన్ను అడగకుండా మొదలుపెట్టకండి.

బడి వయసు. ఇది కాస్త తేరుకునే కాలం. పాలపళ్లు ఊడతాయి. ఒక ఏడేళ్ల పాప కదిలే పంటిని నాలుకతో ఆడిస్తూ నా ఎదుట కూర్చుంది. తల్లి ముఖంలో రక్తం లేదు, ఆ పన్ను ఊడితే ఏమవుతుందోనని. పాపకు మాత్రం ఎప్పుడు ఊడుతుందా అని ఆత్రం. తడిపిన శుభ్రమైన గాజ్ గుడ్డను (గాయాలకు కట్టే పలుచని గుడ్డ) మడిచి ఆ గుంట మీద పెట్టి, కదపకుండా ఇరవై నిమిషాలు గట్టిగా కొరికిపట్టమని చెప్పాను. మధ్యలో తీసి చూడకూడదు. చూసిన ప్రతిసారీ అప్పుడే పుట్టిన గడ్డ ఊడివస్తుంది. రెండు రోజుల తర్వాత ఆ పాప ఫోనులో నాతో మాట్లాడి 'ఆగిపోయింది' అని ఎంత గొప్పగా చెప్పిందో! ఆగకపోతే రండి, రక్తాన్ని ఆపడానికి నోట్లో పుక్కిలించే ట్రానెగ్జామిక్ ఆమ్లం అనే మందు ఉంది. దంత వైద్యుడి దగ్గర పన్ను తీయించాలంటే చాలాసార్లు వార్ఫరిన్ ఆపనక్కరలేదు. ముందురోజు ఐఎన్ఆర్ చూసుకుంటే చాలు. ఎవరైనా 'ఐదు రోజులు మందు ఆపి రండి' అంటే, ఆపే ముందు మాకు ఒక్క ఫోను చేయండి. మెకానికల్ వాల్వు ఉన్న బిడ్డకు మందు ఆపడం చిన్న విషయం కాదు. ఆ పిల్లలకు పన్ను తీసే ముందు వాల్వుకు ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ కూడా ఇవ్వాలి.

టీకాలు మానేయవద్దు. ఐఎన్ఆర్ లక్ష్యంలో ఉంటే సన్నని సూదితో వేయించి, రుద్దకుండా కనీసం రెండు నిమిషాలు నొక్కిపట్టండి.

ఆటల గురించి మనసులో మాట చెబుతాను. పిల్లవాణ్ణి మూల కూర్చోబెట్టే తల్లిదండ్రులతో నేను గట్టిగానే మాట్లాడతాను. పరుగెత్తనివ్వండి, ఈదనివ్వండి, సైకిలు తొక్కనివ్వండి, తలకు హెల్మెట్ పెట్టి. ఒకరినొకరు ఢీకొట్టే ఆటలు, కుస్తీ, బాక్సింగ్ వంటివి మాత్రం కుదరవు. మోకాలు చీరుకుంటే నొక్కిపట్టండి, ఆగుతుంది. కానీ తలకు గట్టి దెబ్బ తగిలితే, బిడ్డ లేచి నవ్వుతూ ఆడుకుంటున్నా సరే, ఆస్పత్రికి తీసుకురండి. లోపల కారే రక్తం గంటల తర్వాత బయటపడవచ్చు. ఈ ఒక్క విషయంలో 'చూద్దాంలే' అనకండి. ఇదే మాట బడిలో టీచరు గారికి కాగితం మీద రాసి ఇవ్వండి. నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం, పది నిమిషాలు నొక్కినా ఆగని రక్తం, విడవని తలనొప్పితో వాంతులు, వీటికి కూడా అదే తొందర కావాలి. రక్తం కారకుండా ఆపే విరుగుడులు మా దగ్గర ఉన్నాయి. వార్ఫరిన్‌కు విటమిన్ కె ఉంది, గడ్డకట్టించే ప్రోటీన్లను నేరుగా ఎక్కించే మందు ఉంది. అవి పనిచేయాలంటే మీరు సమయానికి రావాలి.

రక్తం కారడం కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దానికే భయపడతారు. రెండో వైపు, అంటే గడ్డ కట్టడం, నిశ్శబ్దంగా జరుగుతుంది. మెకానికల్ వాల్వు ఉన్న పిల్లల తల్లులకు ఒక సంగతి తెలుసు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక బిడ్డ పక్కన పడుకుంటే వాల్వు చప్పుడు వినిపిస్తుంది. చేతి గడియారం చప్పుడులాగా టిక్ టిక్ మని. ఒక తల్లి ఒకరోజు పొద్దున్నే వచ్చి, 'డాక్టరు గారూ, శబ్దం మూగబోయినట్టుంది' అన్నారు. బిడ్డకు ఆయాసం కూడా ఇంకా మొదలుకాలేదు. స్కాన్ చేస్తే వాల్వు మీద గడ్డ కనబడింది. ఆ బిడ్డను ఆ రోజు కాపాడింది తల్లి చెవి. ఆ శబ్దం మారినా, మందగించినా ఉదయం దాకా ఆగకండి.

కొత్త మందుల గురించి మీరు వింటున్నారు. పిల్లలకు రివరాక్సబాన్, డాబిగాట్రాన్ 2021లో అనుమతి పొందాయి. తరచూ ఐఎన్ఆర్ పరీక్ష అక్కరలేదు, తిండితో పేచీ తక్కువ. సిరల్లో గడ్డలు కట్టిన పిల్లలకు ఇవి నిజంగా వరమే. వీటిలో కూడా మోతాదు బరువును బట్టే ఉంటుంది, కాబట్టి తూకం తప్పదు. అయితే మెకానికల్ వాల్వు ఉన్నవారికి ఇవి పనికిరావు. పెద్దవాళ్లలో డాబిగాట్రాన్‌ను అలా వాడి చూసిన పరిశోధనలో గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (సొంత రోగనిరోధక శక్తే రక్తంలో గడ్డలు కట్టించే జబ్బు) ఉన్నవారికి కూడా వార్ఫరినే మేలు. మీ బిడ్డకు మార్చలేదంటే మేము వెనకబడి ఉన్నామని అనుకోకండి.

ఇప్పుడు నేను ఎక్కువగా చెప్పాలనుకున్న భాగానికి వచ్చాను. పన్నెండు, పదమూడేళ్ల వయసు.

ఒక అబ్బాయి ఉండేవాడు. మూడేళ్ల వయసు నుంచి నా దగ్గరే. తల్లి పుస్తకం ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేది. పదేళ్లపాటు ఐఎన్ఆర్ 2కీ 3కీ మధ్యే. పదమూడో ఏట ఒకసారి 1.4 వచ్చింది. మోతాదు పెంచాను. తర్వాత 1.3. మళ్లీ పెంచాను. అంత వేగంగా ఎదుగుతున్న వయసు కదా, అదే కారణం అనుకున్నాను. మూడోసారి తల్లి ఒక్కరే ముందుగా లోపలికి వచ్చి, అబ్బాయి జామెట్రీ పెట్టె బల్ల మీద పెట్టి మూత తీశారు. కోణమానిని కింద, రబ్బరు పక్కన, మాత్రలు. లెక్కపెడితే ఇరవై మూడు. అంచులు కాస్త తడిసి అరిగి ఉన్నాయి, నోట్లో పెట్టుకుని మళ్లీ తీసినట్టు. ఆమె ఏడవలేదు. 'నేను పెంచిందే వీణ్ణి' అన్నారు, అంతే.

అబ్బాయిని లోపలికి పిలిచాను. తల్లిని బయట కూర్చోమన్నాను. చాలాసేపు నేల చూస్తూ ఉన్నాడు. తర్వాత అడిగాడు, 'నేను ఇవి ఎందుకు వేసుకోవాలి?' అని. పదేళ్లుగా నా దగ్గరికి వస్తున్న పిల్లవాడు! వాడి వాల్వు గురించి వాళ్ల అమ్మకు వందసార్లు చెప్పాను, వాడికి ఒక్కసారి కూడా చెప్పలేదు. మూడేళ్లప్పుడు చెప్పలేకపోయాను సరే, ఏడేళ్లప్పుడు చెప్పవచ్చు కదా, పదేళ్లప్పుడు చెప్పవచ్చు కదా. ఆ రోజు గుండె బొమ్మ గీసి గంటసేపు మాట్లాడాను. నేను పెంచిన మోతాదు అంతా మాత్ర మింగని పిల్లవాడికి పెంచింది. ఆ కొత్త మోతాదు ఒక్కసారిగా మింగడం మొదలుపెడితే ఐఎన్ఆర్ ఎక్కడికో వెళ్లేది. అందుకే మళ్లీ పాత మోతాదుకు తీసుకొచ్చి, సరయ్యేదాకా సూదిమందు ఇస్తూ, మూడు రోజులకొకసారి పరీక్ష చేశాం. ఆ పిల్లవాడికి గడ్డ కట్టలేదు. అది మా అదృష్టం.

అప్పటి నుంచి అంకె కిందికి వస్తే మోతాదు పెంచే ముందు పిల్లలను ఒంటరిగా, కోపం లేకుండా అడుగుతాను: 'పోయిన వారంలో ఎన్ని మాత్రలు తప్పాయి?' తప్పాయా అని అడగను. ఎన్ని అని అడుగుతాను. అప్పుడు నిజం చెబుతారు. మీరూ ఇంట్లో అలాగే అడగండి. మాత్ర తప్పిందని చెప్పిన రోజు తిట్టకండి. ఆ రోజే గుర్తొస్తే వేసుకోవాలి, మరుసటి రోజు గుర్తొస్తే రెండు కలిపి వేసుకోకూడదు, రాసిపెట్టాలి. తిట్టే ఇంట్లో పుస్తకంలో తప్పిన రోజు ఒక్కటీ ఉండదు. అలాంటి పుస్తకం నాకు దేనికీ పనికిరాదు.

చేతులు మారడం మెల్లగా జరగాలి. ఆరేడేళ్లకు బిడ్డ తన మందు పేరు చెప్పగలగాలి. పదేళ్లకు పెట్టెలో వారం మాత్రలు సర్దగలగాలి, మీరు చూస్తుండగా. పన్నెండు, పదమూడుకు పుస్తకం తన చేతిరాతతో ఉండాలి. పదిహేనుకు పరీక్ష ఫలితం అడగడానికి ఫోను తనే చేయాలి. మీరు పక్కన ఉండండి, మాట్లాడకండి. పెద్దల విభాగానికి వెళ్లే రోజు వచ్చేసరికి అక్కడి డాక్టరు అడిగే ప్రశ్నకు జవాబు మీ నోటి నుంచి రాకూడదు.

ఆడపిల్లల తల్లులకు విడిగా చెబుతాను, మొహమాటపడకండి. మొదటి నెలసరి రాకముందే మనం మాట్లాడుకోవాలి. ఈ మందు వాడే అమ్మాయిలకు నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా, ఎక్కువ రోజులు కావచ్చు. గంటకో రెండు గంటలకో ప్యాడు తడిసిపోతున్నా, ముఖం పాలిపోతున్నా చెప్పాలి. దానికి మంచి చికిత్సలు ఉన్నాయి. ఈస్ట్రోజెన్ ఉన్న హార్మోను మాత్రలు మాత్రం గడ్డ కట్టే ముప్పును పెంచుతాయి కాబట్టి వాటిని మమ్మల్ని అడగకుండా మొదలుపెట్టకూడదు. రెండో సంగతి ఇంకా కష్టమైనది, అయినా చెప్పాలి. గర్భం మొదటి మూడు నెలల్లో, ముఖ్యంగా ఆరో వారం నుంచి పన్నెండో వారం మధ్య, వార్ఫరిన్ కడుపులోని బిడ్డ ఎముకలకు, ముక్కు నిర్మాణానికి హాని చేయగలదు. ఇది పెళ్లయ్యాక చెప్పే విషయం అనుకుని వాయిదా వేస్తారు. మీ అమ్మాయికి పదిహేనేళ్లు వచ్చేసరికి తెలిసి ఉండాలి, భయపెట్టకుండా. వాల్వు ఉన్న ఆడవాళ్లు పిల్లల్ని కన్నారు, కంటున్నారు, ముందుగా వైద్యులతో మాట్లాడుకుని, మందు మార్చుకుని.

వెనక వరుసలో ఒకాయన ఇంట్లో పరీక్ష చేసే యంత్రం గురించి అడుగుతున్నారు. వేలి చివర చుక్క రక్తంతో నిమిషంలో ఐఎన్ఆర్ చెబుతుంది. మంచిదే. పసిపిల్లల సన్నటి నరాలు వెతికి వెతికి పొడిచే బాధ తప్పుతుంది. మొదట ఒకటి రెండు సార్లు ఆస్పత్రి ప్రయోగశాల ఫలితంతో పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి. అంకె బాగా ఎక్కువ చూపిస్తే నరం నుంచి తీసిన రక్తంతో మళ్లీ చేయించాలి. వేలిని పిండవద్దు. చేతిని ముందు గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే చుక్క తనంతట తానే వస్తుంది.

బయట బల్ల దగ్గర తూకం యంత్రం పెట్టాం. పిల్లల్ని తీసుకొచ్చినవారు వెళ్లేముందు ఒక్కసారి నిలబెట్టండి, చెప్పులు తీయించి. పుస్తకంలో ఈ రోజు తేదీ పక్కన బరువు రాయండి. పదేళ్లు దాటిన పిల్లలుంటే కలం వాళ్లకే ఇవ్వండి. అర మాత్రలు కోసే పెట్టెలు కూడా అక్కడ ఉన్నాయి. మీ మాత్రల పట్టీ తెచ్చుకున్నవారు నా దగ్గరికి రండి, ఒక మాత్ర కోసి చూపించండి. నేను ఇక్కడే ఉంటాను.